అల్పపీడనం వస్తోందంటే ఎండ తగ్గుతుందనేనా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో మూడున్నాయి. మీరు మచిలీపట్నంలో ఉంటారు, మీ బావగారు రెంటచింతలలో. ఆయనకు 42 డిగ్రీలు, మీకు 36. అయినా అవస్థ మీకే ఎక్కువగా ఉంది, ఎందుకని? వచ్చే వారం బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, ఎండ తగ్గుతుందా? మే చివరి వారంలో అమ్మాయి పెళ్లి, రాత్రి ముహూర్తం, ఆరుబయట పందిరి. ఫోనులో ఒక్కో యాప్ ఒక్కో మాట చెబుతుంటే దేన్ని నమ్మాలి?

వాతావరణ పటాలు చదవడం నాకు పాతికేళ్ల పని. అందులో ఎక్కువ భాగం కోస్తా వేసవులతోనే గడిచింది. తుపానును అంచనా వేయడం కష్టమని అందరూ అనుకుంటారు. నన్నడిగితే మే నెలలో మచిలీపట్నం మధ్యాహ్నపు ఉష్ణోగ్రత చెప్పడం అంతకన్నా కష్టం. కారణం కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు మీ బావగారితో ఉన్న తగవు తీరుద్దాం. రెంటచింతలలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. మీ దగ్గర 36 డిగ్రీలు, తేమ 65 శాతం. ఎండను, తేమను కలిపి శరీరానికి ఎంత వేడిగా తోస్తుందో లెక్కించే సూత్రం ఒకటుంది. దానిలో వేసి చూస్తే ఆయనకు 42, మీకు 51 వస్తుంది. పొరపాటు కాదు, యాభై ఒకటే. ఎండలో మనిషి చల్లబడేది చెమట ఆరడం వల్ల. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. మీ ఊళ్లో అది ఆరే దారి లేక చొక్కాను తడిపి ఊరుకుంటుంది. దాన్నే మనం ఉక్కపోత అంటాం.

మా వృత్తిలో ఇంకో కొలత కూడా చూస్తాం. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి, దాని మీదుగా గాలి ఆడేలా ఉంచితే వచ్చే అంకె అది. తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమట పట్టిన శరీరం ఎంతవరకు చల్లబడగలదో చెప్పే హద్దు అనుకోండి. పైన చెప్పిన లెక్కల ప్రకారం రెంటచింతలలో అది 24 చుట్టూ ఉంటుంది, మచిలీపట్నంలో 30. మనిషి తట్టుకోగల హద్దు 35 అని చాలాకాలం అనుకున్నారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువతీ యువకుల మీద ప్రయోగాలు చేస్తే, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ హద్దు 31 దగ్గరే కనిపించింది. కాబట్టి మీ అవస్థ ఊహ కాదు. అలాగని మీ బావగారి ఎండ తేలికైనదీ కాదు. అక్కడ మనిషికి తెలియకుండానే ఒంట్లో నీరు పోతుంది, దాహం వేసేసరికి ఆలస్యమవుతుంది. పొలంలో పనిచేసేవారు వడదెబ్బకు పడిపోయేది అలాంటి ఎండలోనే.

తేమ శాతం గురించి ఒక జాగ్రత్త. పొద్దున వార్తల్లో 80 శాతం అన్నారు, మధ్యాహ్నం 40 శాతమే ఉంది, అంటే గాలి పొడిబారిందని చాలామంది అనుకుంటారు. గాలి వేడెక్కిన కొద్దీ నీటి ఆవిరిని ఇముడ్చుకునే శక్తి పెరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర 80 శాతంగా కనిపించిన అదే ఆవిరి, 40 డిగ్రీలకు వచ్చేసరికి 40 శాతంగా కనిపిస్తుంది. గాలిలో ఒక్క చుక్క తగ్గలేదు, గిన్నె పెద్దదైంది అంతే. అందుకే నేను శాతాన్ని పక్కన పెట్టి మంచు బిందువు (డ్యూ పాయింట్) చూస్తాను. ఆ గాలిని చల్లబరుస్తూ పోతే ఏ ఉష్ణోగ్రత దగ్గర మంచు పడుతుందో అదే మంచు బిందువు. కొన్ని యాప్‌లలో ఇది కనిపిస్తుంది. అది 24 దాటితే ఉక్కపోత, 27 దగ్గరికి వస్తే రాత్రి నిద్ర ఉండదు. ఇది నా సొంత గుర్తు, ఎక్కడా రాసి ఉండదు.

ఇక అసలు విషయం, గాలి దిక్కు. వాతావరణ కేంద్రం రోజూ ఇచ్చే నివేదికలో మొదటి వాక్యం దీని గురించే ఉంటుంది. దిగువ ట్రోపో ఆవరణంలో, అంటే నేలకు దగ్గరి గాలి పొరలో, వాయవ్య గాలులు వీస్తున్నాయనో, నైరుతి గాలులు వీస్తున్నాయనో చెబుతారు. పత్రికలు దాన్ని వదిలేసి కింద ఉన్న అంకెలు వేసుకుంటాయి. నేనైతే అంకెలు వదిలేసి ఆ వాక్యం చదువుతాను.

పొద్దున ఎండ ఎక్కుతుంటే నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం ఆలస్యంగా. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు చుట్టుపక్కల మీ ఊరికి చేరుతుంది. అది చేరగానే ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోయి, తేమ పెరుగుతుంది. మీకు 36, 37 దగ్గర ఆగిపోవడం దీని పుణ్యమే. ఉక్కపోత కూడా దీని పుణ్యమే! రెంటచింతల తీరానికి వంద కిలోమీటర్లకు పైగా లోపల ఉంది. ఈ గాలి అంతదూరం చేరేసరికి పొద్దు వాలిపోతుంది, చేరినా అందులో చలువ మిగలదు.

పడమటి నుంచి, వాయవ్యం నుంచి బలంగా గాలి వీచే రోజుల్లో కథ మారుతుంది. తెలంగాణ పీఠభూమి మీది గాలి తీరం వైపు దిగివస్తుంది. పొడిగాలి వంద మీటర్లు కిందికి దిగితే సుమారు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ 40 డిగ్రీలుగా ఉన్న గాలి మీ దాకా దిగితే 45 అవుతుందని చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. అది సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ రెండు గాలుల కుస్తీలో ఎవరు ఏ గంటకు గెలుస్తారన్నదే మీ ఊరి ఆ రోజు ఉష్ణోగ్రత.

ఒక మే నెలలో నేనిలాగే బోర్లా పడ్డాను. తీరంలో ఇల్లు కట్టుకుంటున్న ఒక మిత్రుడు స్లాబు వేయిస్తూ అడిగితే, మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా సముద్రపు గాలి తగులుతుంది, 38 దాటదు అని ధీమాగా చెప్పాను. గాలి వచ్చింది, కానీ సాయంత్రం నాలుగు దాటాక. అప్పటికి 43 అయింది, కూలీలు పని ఆపి వెళ్లిపోయారు. పొద్దున కిలోమీటరున్నర ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో ఉందో చూసి ఉంటే తెలిసేది. బద్ధకించాను. అప్పటి నుంచి వేసవిలో నా మొదటి చూపు అక్కడికే. మీరూ చూడవచ్చు. గాలి పటాలు చూపే యాప్‌లలో ఎత్తు మార్చుకునే వీలుంటుంది, అందులో 850 హెచ్‌పీఏ (hPa) అన్నది ఎంచుకోండి, ఆ కిలోమీటరున్నర ఎత్తుకు గుర్తు అదే. తెల్లవారుజామున అక్కడ వాయవ్య గాలి గంటకు 25, 30 కిలోమీటర్లు దాటి ఉంటే, ఆ రోజు సముద్రపు గాలి ఆలస్యం. దక్షిణం నుంచి, నైరుతి నుంచి నెమ్మదిగా ఉంటే ఉక్కపోత తప్ప వడగాలి లేదు.

ఇప్పుడు అల్పపీడనం. అల్పపీడనం అనగానే మబ్బు, వాన, చల్లదనం అనుకోవడం మనకు అలవాటు. మే నెలలో కోస్తాకు ఆ లెక్క సగం సార్లు తిరగబడుతుంది. మన అర్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి కేంద్రం మీకు ఆగ్నేయంగానో దక్షిణంగానో ఉంటే మీకు తగిలేది సముద్రం మీది గాలి: మబ్బులు, జల్లులు, ఎండ తగ్గడం. అదే కేంద్రం మిమ్మల్ని దాటి ఈశాన్యంగా, ఒడిశా వైపో బంగ్లాదేశ్ వైపో మయన్మార్ వైపో జరిగిందంటే, మీ మీదుగా అది లాగేసుకునేది నేల మీది వాయవ్య గాలిని. తేమనంతా తన దగ్గరికి పోగుచేసుకుని, మనకు పొడిగాలి మిగిల్చిపోతుంది.

2003 మేలో బంగాళాఖాతంలో ఏర్పడ్డ తుపాను శ్రీలంకను వరదల్లో ముంచి, మయన్మార్ వైపు వెళ్లిపోయింది. ఆ వెనకే వచ్చిన వడగాలులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2020 మే 20న ఆంఫన్ సుందరవనాల దగ్గర తీరం దాటాక మనకు ఎండలు ముదిరాయి. 2023 మే 14న మోఖా మయన్మార్‌లోని సిత్వే దగ్గర తీరం దాటిన రోజుల్లోనూ కోస్తా మండిపోయింది. తుపాను మన మీదికి రాలేదని ఊపిరి పీల్చుకున్న రోజే మేము వడగాలుల హెచ్చరిక రాసుకునే రోజు.

దిక్కు గుర్తుపట్టడానికి పాత చిట్కా ఒకటుంది. గాలికి వీపు పెట్టి నిలబడండి. అల్పపీడన కేంద్రం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1857లో చెప్పిన సూత్రం ఇది, ఉపగ్రహాలు వచ్చాక కూడా దానికి పని తగ్గలేదు. తీరం వెంట వీచే చిన్న సముద్రపు గాలికి ఇది పనికిరాదు, పెద్ద గాలులకే.

మరి మే నెల తుపానులు మన మీదికి రావా అంటే, వస్తాయి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. మీ ఊళ్లో పెద్దవారికి ఇప్పటికీ గుర్తుంటుంది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. 2022 మేలో అసని మరో పాఠం. అది తీరానికి దగ్గరగా వచ్చి ఒడిశా వైపు మళ్లిపోతుందని మొదట వేసిన అంచనా. మళ్లకుండా తీరం దాకా వచ్చి, బలహీనపడి, మే 11 సాయంత్రం మీ మచిలీపట్నం, నరసాపురం మధ్యే నేల ఎక్కింది. మలుపు తిరిగే చోట తుపాను ఎంతటి వారినైనా తికమక పెడుతుంది. దాన్ని నడిపించే పైగాలులు అక్కడ బలహీనంగా ఉంటాయి, చిన్న తేడాకే దారి మారిపోతుంది.

అందుకే ఇంకా ఏర్పడని అల్పపీడనం గురించి, ఫలానా తేదీకి ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుందని ఎవరైనా పటం వేసి పంపిస్తే నవ్వి ఊరుకోండి. కేంద్రం ఎక్కడుందో తేలనిదే దారి లెక్క నిలవదు. వాయుగుండంగా మారి, గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటాక లెక్కలు కుదురుకుంటాయి. 62 దాటితే తుపాను, అప్పుడే పేరు పెడతారు. ఆ దశలో 24 గంటల ముందు చెప్పిన స్థానానికి, నిజంగా చేరిన స్థానానికి మధ్య తేడా ఈ రోజుల్లో సగటున వంద కిలోమీటర్ల లోపే ఉంటోంది. మూడు రోజుల ముందు చెప్పినదానికి అది సుమారు రెట్టింపు అవుతుంది. మచిలీపట్నం నుంచి వంద కిలోమీటర్లు అటూ ఇటూ అంటే ఒక పక్క అమలాపురం దరిదాపులు, ఇంకో పక్క చీరాల దాటి. అంచనా పటంలో గరాటులా విచ్చుకునే బొమ్మకు అర్థం ఇదే. మధ్య గీత మీద మీ ఊరు లేదని సంతోషించకండి, గరాటు లోపల ఉందా లేదా చూడండి.

యాప్‌ల తగవు త్వరగా తేల్చేస్తాను. వాటిలో చాలావరకు ఒకటో రెండో పెద్ద కంప్యూటర్ నమూనాల లెక్కను మనిషి చెయ్యి పడకుండా మీకు చూపిస్తాయి. ఆ నమూనాలు భూమిని గళ్లుగా విడగొడతాయి. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థలో గడి 6 కిలోమీటర్లు, అంతకుముందు 12. విదేశీ నమూనాల్లో కొన్నింటికి ఇంకా పెద్దవి. తీరం మీది గడిలో సగం నేల, సగం నీరు పడితే వచ్చే అంకె నేలకూ సరిపోదు, నీటికీ సరిపోదు. నాలుగు యాప్‌లు ఒకే మాట చెబితే కొంత నమ్మవచ్చు, నాలుగు నాలుగు రకాలుగా చెబితే ఆ తేడాయే మీకు సమాచారం: ఆ రోజు ఏమీ తేలలేదని. మీ కారులో కనిపించే 47 మాత్రం లెక్కలోకి రాదు. అసలు కొలత నేలకు మనిషి ఎత్తులో, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో తీస్తారు.

మరో గందరగోళం వడగాలి అన్న మాట. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 చేరి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. మీ దగ్గర సాధారణం 37 అనుకుంటే 41.5 కావాలి. పైగా ఒక ఉపవిభాగంలో కనీసం రెండు కొలత కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఉండాలి. కోస్తా ఆంధ్ర మొత్తం ఒక ఉపవిభాగం. విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే జాబితా మండలాల వారీగా ఉంటుంది. ఒకటి వడగాలి లేదన్న రోజు ఇంకొకటి వంద మండలాలు చూపడంలో అబద్ధమేమీ లేదు. అయితే రెండింటిలోనూ మీ ఊరి 36 డిగ్రీల ఉక్కపోతకు చోటు తక్కువ. నివేదికలో చివర వేడి, తేమ, అసౌకర్యమైన వాతావరణం అని ఒక వాక్యం వస్తుంది చూడండి, అది మీ కోసం రాసిందే. అధికారిక లెక్కలో ఉక్కపోతకు వడగాలి అంత గౌరవం దక్కలేదన్నది నాకున్న పాత ఫిర్యాదు.

ఇక పెళ్లి. మీరు భయపడుతున్నది తుపాను గురించి. నేను భయపడేది సాయంత్రపు గాలివాన గురించి. మే నెలలో విదర్భ వైపు నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి, అంటే పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, తరచూ ఉంటుంది. దానికి పడమర పొడిగాలి, తూర్పున సముద్రపు తేమ. ఆ రెండూ కలిసేచోట మధ్యాహ్నం ఎండకు క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు గంటా రెండు గంటల్లో పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేస్తాయి. సాయంత్రానికి చాలాసార్లు తూర్పుకు కదులుతాయి. వాన పడేది ఇరవై నిమిషాలే కావచ్చు, దానికి ముందు వచ్చే ఈదురుగాలి చాలు పందిరి లేపడానికి. మేఘం నుంచి చల్లటి గాలి కిందికి పడి నేలకు తగిలి నలువైపులా పరుచుకుంటుంది. నడినెత్తిన మబ్బు లేకపోయినా గాలి వచ్చేయవచ్చు.

నివేదికలో ఈదురుగాలులు ఒకటి లేక రెండు చోట్ల అని ఉంటే, ఆ ప్రాంతంలోని కొలత కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి తగలవని అర్థం. కొన్ని చోట్ల అంటే సగం దాకా. చాలా చోట్ల అన్నారంటే ప్రత్యామ్నాయం చూసుకోవలసిందే. ఫలానా వీధిలో పడుతుందా అని ముందు రోజు ఎవరూ చెప్పలేరు. మూడు గంటల ముందు మాత్రం చెప్పగలరు. మీ ఊళ్లోనే వాన మేఘాలను చూపే డాప్లర్ రాడార్ ఉంది, దాని బొమ్మలు అందరూ చూసే వీలుంది. ఎరుపు, ముదురు రంగు ముద్దలు పడమరన ఏ దిక్కుకు కదులుతున్నాయో రెండు మూడు బొమ్మలు వరసగా చూస్తే చాలు.

తేదీకి రెండు వారాలున్నాయి కాబట్టి ఈ రోజు ఏ యాప్ చెప్పినదానికీ విలువ లేదు. మే చివర కోస్తాలో ఎండ, ఉక్కపోత, సాయంత్రం గాలివానకు అవకాశం, ఇంతవరకు ఏ ఏడాదికైనా సరిపోయే మాట. అయిదు రోజుల ముందు నుంచి చూడటం మొదలుపెట్టండి, బంగాళాఖాతంలో అల్పపీడన కేంద్రం మీకు ఏ పక్కన ఉందన్నది ఒక్కటే. మీకు ఈశాన్యంగా జరిగిపోతుంటే ఆ పగళ్లు మండుతాయి. వంటశాలను పొద్దున తొమ్మిదిలోపు సగం పని ముగిసేలా పెట్టించండి, దూరం నుంచి వచ్చే పెద్దవారిని ఉదయపు ప్రయాణానికి ఒప్పించండి. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను వేడిగాలినే ముఖాన కొడుతుంది, చలువ గది ఒకటైనా ఉంచండి. కేంద్రం మీకు ఆగ్నేయంగా ఉండి దగ్గరవుతుంటే ఎండ సంగతి మరిచిపోయి, కళ్యాణ మండపం ఒకటి మాట్లాడి ఉంచండి.

రెండు రోజుల ముందు జిల్లా స్థాయి రంగుల హెచ్చరిక చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని. పెళ్లిరోజు మధ్యాహ్నం మూడింటి నుంచి ఒక కుర్రవాడికి రాడార్ పని అప్పగించండి, వేరే పని చెప్పకండి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగలిగే దూరంలోనే ఉన్నట్టు. పిల్లల్ని చెట్ల కింద, ఇనుప స్తంభాల దగ్గర ఉంచకండి, పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ దగ్గర ఉంచుకోండి. షామియానా వేసేవారితో మాట్లాడేటప్పుడు పడమటి, వాయవ్యపు పక్క గుడ్డలు ముడి లాగితే విడిపోయేలా కట్టమనండి. గాలి గుడ్డను నింపితేనే స్తంభం లేస్తుంది, దారి ఇస్తే దాటిపోతుంది. దీపాల తీగలు ఆ స్తంభాలకు చుట్టనివ్వకండి.